కచేరీ సామాను మోయడానికి ఎలాంటి ట్రాలీ తీసుకోవాలి? (ఆర్కెస్ట్రా, ఫంక్షన్ హాళ్ళు)

కోనసీమ_కీస్, అమలాపురం

అందరికీ నమస్కారమండీ. మాది ఏడుగురం ఉన్న లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రా. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గుడి కల్యాణాలు, అప్పుడప్పుడు కాలేజీ ప్రోగ్రాములు చేస్తుంటాం. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేలోపు సామాను మోయడానికి ఒక ట్రాలీ తీసుకుందామని ఉంది. ఏది తీసుకోవాలో తేలడం లేదు.

మా సామాను ఇదీ: యమహా పీఎస్‌ఆర్-ఎస్‌ఎక్స్900 కీబోర్డు (11.5 కిలోలు, పొడవు మీటరు పైనే), జేబీఎల్ ఈఆన్615 పవర్డ్ బాక్సులు (ఆంప్ లోపలే ఉన్న స్పీకర్లు) రెండు (ఒక్కోటి 17.7 కిలోలు), యమహా ఎంజీ12 మిక్సర్, ఆక్టోప్యాడ్ (కర్రలతో వాయించే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్), బాక్సుల ట్రైపాడ్లు, కీబోర్డు స్టాండు, మైకు స్టాండ్లు, కార్డ్‌లెస్ మైకుల పెట్టె, స్టెబిలైజరు, కేబుళ్ళ సంచులు. అన్నీ కాటా మీద పెడితే 110 కిలోల దగ్గర తేలింది. బండి మారుతీ ఈకో.

హాలు గేటు దగ్గరే బండి ఆపేయమంటున్నారు. లోపలంతా క్యాటరింగ్ వాళ్ళ వ్యాన్లు, డెకరేషన్ వాళ్ళ లారీ. అక్కణ్ణుంచి స్టేజీ దాకా అన్నీ చేతుల మీదే పోవాలి. మా ప్యాడ్ వాయించే ఆయనకి యాభై దాటాయి. బాక్సు మోసుకెళ్ళి దించి వెంటనే ప్యాడ్ ముందు కూర్చుంటే మొదటి రెండు పాటలూ ఆయన మణికట్లు వణుకుతూనే ఉంటాయి. వద్దన్నా వినడు, అందరూ మోస్తుంటే తను ఊరికే నిలబడలేనంటాడు. నేను ట్రాలీ అంటున్నది ముఖ్యంగా ఆయన కోసమే.

చూసినవి మూడు రకాలు. ఆన్‌లైన్‌లో దొరికే 150 కిలోల మడత ప్లాట్‌ఫాం ట్రాలీ. గ్యాస్ సిలిండర్లు తోసుకెళ్ళే రెండు చక్రాల బండి. విదేశీ వీడియోల్లో బ్యాండు వాళ్ళు వాడే సాగదీసే కార్టు. పదివేల లోపు అయితే మేం భరించగలం. వాడినవాళ్ళు చెప్పండి.


రిథమ్‌ప్యాడ్_ఓరుగల్లు, వరంగల్

అన్నా నమస్తే. నా దగ్గర ఆ మడత ప్లాట్‌ఫాం ట్రాలీనే ఉన్నది. నున్నటి ఫ్లోర్ మీద మస్తు పోతది. ఆడిటోరియం, హోటల్, ఏసీ హాలు అయితే ఒక్క చేత్తోని నూకొచ్చు. బయట పేవర్ బ్లాకుల మీదికి రాంగనే టకటక కొట్టుకుంటది. చక్రాలు నాలుగంగుళాలే గదా. గేటు జరిగె ఇనుప చానెల్ కాడ ఆగి, ముందర లేపి, మళ్ళ ఎన్క లేపి దాటించాలె.

లాన్ మీద ఇంకో తిప్పలు. పచ్చ మ్యాట్ ఏస్తరు చూడు, అది చక్రం ముందట ముడతలు పడి కుప్పయితది. బరువు ఉంటే అసలే కదలదు. ఇద్దరు ముందర గుంజాలె, ఒకరు ఎన్క నూకాలె. గప్పుడు ట్రాలీ ఉండి ఫాయిదా ఏంది?

మడిస్తే చిన్నగయితది, ఈకోల బాక్సుల ఎన్క నిలబెట్టొచ్చు. గది ఒక్కటి మంచిగున్నది.


బేస్‌గిటార్_మాస్టారు, గుంటూరు

నేను కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను, సాయంత్రాలు బేస్ వాయిస్తాను. ట్రాలీ అనగానే అందరూ ఎన్ని కిలోలు మోస్తుందని అడుగుతారు. ముందు అడగాల్సింది చక్రం ఎంత పెద్దదని. ఎందుకో లెక్కతో చెబుతాను.

హాలు గుమ్మం దగ్గర 2 సెంటీమీటర్ల ఎత్తున్న గడప ఉందనుకోండి. ఆగి ఉన్న నాలుగంగుళాల చక్రం, అంటే 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్నది, ఆ గడప ఎక్కాలంటే దాని మీద పడుతున్న బరువుకి 1.33 రెట్లు బలంగా అడ్డంగా లాగాలి. ముందు జత చక్రాల మీద 60 కిలోలు ఉంటే 80 కిలోల లాగుడన్నమాట. ఎత్తడం కన్నా ఎక్కువ కష్టం! అదే గడప, అదే బరువు, చక్రం మాత్రం ఎనిమిదంగుళాలు అయితే 0.75 రెట్లు సరిపోతుంది, 45 కిలోలు. ఇద్దరు మనుషులు సునాయాసంగా లాగేస్తారు. ఇక అడ్డు 5 సెంటీమీటర్లు ఉంటే నాలుగంగుళాల చక్రం ఎంత లాగినా ఎక్కదు, దాని ఇరుసు ఎత్తే అంత కదా.

పరిగెత్తించి ఎక్కించవచ్చు అంటారు కొందరు. ఊపులో ఎక్కుతుంది, నిజమే. ఆ దెబ్బ మాత్రం మిక్సర్‌లోని సోల్డరింగుకీ, కీబోర్డు సర్క్యూట్ బోర్డులకీ తగులుతుంది.

కీస్ గారూ, మీరు తరచూ వెళ్ళే హాళ్ళలో గేటు నుంచి స్టేజీ దాకా ఒకసారి టేపు పట్టుకుని నడిచి రండి. ఎక్కడెక్కడ ఎంత ఎత్తు అడ్డుందో రాసుకోండి. ట్రాలీ సంగతి ఆ కాగితమే చెబుతుంది.


సౌండ్_బెజవాడ, విజయవాడ

మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. నేను సౌండు అద్దెకిచ్చే పనిలో ఉన్నాను, రోజూ చక్రాలతోనే బతుకు. ఇంకో రెండు సంగతులు కలుపుతాను.

150 కిలోలు అని ట్రాలీ మీద రాసింది నున్నటి నేల మీద, బరువు సమంగా సర్దినప్పటి మాట. మన రోడ్ల మీద నాలుగు చక్రాలూ ఒకేసారి నేలకి ఆనవు, ఎప్పుడూ ఒకటి గాల్లో ఉంటుంది. అందుకే క్యాస్టర్ (ట్రాలీ కింద బిగించే చక్రం) ఎంపిక చేసేటప్పుడు మొత్తం బరువుని నాలుగుతో కాకుండా మూడుతో భాగిస్తారు. మీ 110 కిలోలకి ట్రాలీ సొంత బరువు 15 కలిపితే 125. మూడో వంతు దాదాపు 42. కుదుపులకి దానికి రెట్టింపు పెట్టుకుంటే ఒక్కో చక్రం 80, 100 కిలోలు మోసేది ఉండాలి. ఆన్‌లైన్ ట్రాలీలో విరిగేది ముందు ఆ సన్న చక్రాల ఫోర్కే.

రెండోది చక్రం దేనితో చేశారన్నది. నైలాన్ తేలిగ్గా దొర్లుతుంది, బరువు బాగా మోస్తుంది, కానీ రాయి మీద మోత, అదురు. సాంగ్యం జరుగుతుండగా మంటపం పక్క నుంచి నైలాన్ చక్రాల బండి తోస్తే పంతులుగారు మంత్రం ఆపి మనవైపు చూస్తారు. నల్ల రబ్బరు మెత్తగా పోతుంది, అదురు మింగేస్తుంది, కాకపోతే తెల్ల మార్బుల్ మీద గీతలు పడతాయి, హాలు మేనేజర్లు ఊరుకోరు. మరక పడని బూడిదరంగు రబ్బరు అడిగితే ఇస్తారు. పీయూ (పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్) చక్రం చూడ్డానికి బాగుంటుంది. అయితే అందులో పాలియెస్టర్ రకానికి తేమ పడదు. నాలుగేళ్ళు గోదాములో పడుంటే పైపొర దానంతటదే పొడిపొడిగా రాలిపోతుంది. మన కోస్తా తేమకి నేనైతే రబ్బరుకే ఓటేస్తాను.

కొనడం కంటే చేయించుకోండి. మా ఆటోనగర్‌లో అయితే రోజులో పని. మీకు అమలాపురంలోనో రాజమండ్రిలోనో గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డరు చాలు. అంగుళం చదరం పైపు, 16 గేజి, ఆరు మీటర్లు. దాని బరువు ఏడు కిలోలే. మీద 12 ఎంఎం ప్లైవుడ్. మొత్తం చక్రాలతో కలిపి 15 కిలోలు దాటదు.


గిటార్_గచ్చిబౌలి, హైదరాబాద్

నాది ఒంటరి వ్యవహారం. గిటార్, చిన్న ఆంప్, మైకు స్టాండు. కెఫేల్లో వాయిస్తాను. ఇక్కడి సమస్య వేరే: సెల్లార్‌లో పార్కింగు, సర్వీసు లిఫ్టు ఇరుకు, అందులో ఆల్రెడీ కూరగాయల ట్రేలు. లిఫ్టులో బండిని తిప్పే చోటు ఉండదు కాబట్టి నాలుగు చక్రాలూ తిరిగేవి అయితే పక్కకి కూడా జరపొచ్చు. నాకైతే అదే వరం. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో క్యాస్టర్లు విడిగా కొనుక్కుని పాత ట్రాలీకి మార్చుకున్నాను. అక్కడ సైజు చెబితే బేరింగ్ ఉన్నవీ లేనివీ పక్కపక్కన పెట్టి చూపిస్తారు. చేత్తో తిప్పి చూడండి, బేరింగ్ ఉన్నది చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది.


బేస్‌గిటార్_మాస్టారు, గుంటూరు

గచ్చిబౌలి తమ్ముడూ, లిఫ్టు వరకూ నువ్వు చెప్పింది సరే. కానీ సెల్లార్ ర్యాంపు మీద నాలుగు తిరిగే చక్రాల బండి పక్కకి జారుకుపోతుంది, బరువు ఎక్కువైతే ఆపడం కష్టం. కీస్ గారి లాంటివాళ్ళకి రెండు స్థిరమైనవి, రెండు తిరిగేవి ఉండాలి. తిరిగేవి పిడి వైపు, స్థిరమైనవి ముందు వైపు. అప్పుడు తోసేవాడు నడిపిన దారినే పోతుంది.


కోనసీమ_కీస్, అమలాపురం

మాస్టారు గారూ, మీరు చెప్పినట్టే టేపు పట్టుకుని తిరిగొచ్చాను. కళ్ళు తెరుచుకున్నాయి. జరిగే గేటు కింద ఇనుప చానెల్ చాలాచోట్ల 3 సెంటీమీటర్లు పైకి ఉంది. జనరేటర్ నుంచి వచ్చే లావు కేబుల్ దారికి అడ్డంగా పడుంటోంది, అదొక 4 సెంటీమీటర్లు. హాలు మెట్ల పక్కన ర్యాంపు ఉంది కానీ చాలా నిటారుగా ఉంది. మీటరు ఎత్తుకి ఆరు మీటర్ల వాలు.

ఇవి హాళ్ళ సంగతి. పల్లెల్లో ప్రోగ్రామంటే కొబ్బరితోటలో పందిరి. కింద ఇసుక నేల. వానొస్తే చెప్పక్కర్లేదు. అక్కడ ఏ చక్రం పోతుంది? గాలి టైరు వేయిస్తే ఎలా ఉంటుంది? బేస్తవారం సంతలో అరటిగెలలు తెచ్చే తోపుడు బండ్లకి ఉంటాయే, అలాంటివి.


రిథమ్‌ప్యాడ్_ఓరుగల్లు, వరంగల్

అన్నా గాలి టైర్లు వద్దు. మా దోస్తు ఒకరు ఒగ్గుకథ బృందానికి సౌండు పెడ్తడు, గాలి టైర్ల బండి చేయించిండు. జాతర్ల కాడ పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు. నెల తిరగకముందే పంచర్ల మీద పంచర్లు. రాత్రి రెండు గంటలకు ప్రోగ్రాం అయిపోయినంక గాలి లేని టైర్తోని బాక్సులు ఎట్ల నూకుతవ్? చిన్న టైరుకు పంచర్ ఏసెటోడు కూడ దొరకడు.


సౌండ్_బెజవాడ, విజయవాడ

గాలి టైరుతో నాకు పడదని కాదు, ఇసుక మీద దానికి మించింది లేదు. వెడల్పు ఎక్కువ, కొంచెం నొక్కుకుని నేల మీద పరుచుకుంటుంది కాబట్టి దిగబడదు. కానీ వరంగల్ తమ్ముడు చెప్పిన బాధ నిజం. అందుకు మధ్యేమార్గం ఉంది: అదే ఆకారంలో లోపల గాలికి బదులు ఫోమ్ నింపిన టైరు. పంచర్ అనే మాటే ఉండదు. గట్టి రబ్బరు కన్నా మెత్తగా పోతుంది. ఖరీదు కొంచెం ఎక్కువ. ముందు రెండు చక్రాలకి అది వేయించి, వెనక తిరిగేవాటికి ఆరంగుళాల గట్టి రబ్బరు వేయిస్తే మీ కొబ్బరితోటకీ, గేటు చానెల్‌కీ రెండింటికీ పనికొస్తుంది.


డాలస్_తబలా, డాలస్

ఇక్కడ తెలుగు సంఘాల ఉగాది, సంక్రాంతి కార్యక్రమాలకి మేం వాయిస్తుంటాం. కీస్ గారు వీడియోల్లో చూసిన సాగదీసే కార్టు మా దగ్గర ఉంది, రాక్‌ఎన్‌రోలర్ ఆర్6. ముడిస్తే 28 అంగుళాలు, సాగదీస్తే 42 దాటుతుంది. 500 పౌండ్లు, అంటే 226 కిలోలు మోస్తుందని కంపెనీ లెక్క. రెండు వైపులా పిడులు లేస్తాయి, ఒకవైపు పడుకోబెడితే రెండు చక్రాల బండి అయిపోతుంది. నిజంగా మంచి వస్తువు.

కానీ అది ఇక్కడి నేల కోసం తయారైంది. ఇక్కడ జనం వచ్చే భవనాల్లో మామూలుగా ర్యాంపు ఉంటుంది, దాని వాలు 1కి 12 (మీటరు ఎత్తుకి పన్నెండు మీటర్లు) కన్నా నిటారుగా ఉండకూడదని వికలాంగుల చట్టం కింద నిబంధన. స్కూలు ఆడిటోరియం వెనక సామాను దించే అరుగు ఉంటుంది. గుమ్మంలో గడప అనేదే కనపడదు. కొబ్బరితోటలో ఇసుక మీద ఆ కార్టు ముందు చక్రాలు ఐదంగుళాలవి, దిగబడిపోతాయి. అక్కడికి తెప్పించుకుంటే రవాణా, సుంకం కలిపి మీ బడ్జెట్‌కి ఎన్నో రెట్లు అవుతుంది. నేనైతే మీకు సిఫార్సు చేయను.

ఒక్క సంగతి మాత్రం ఈ కార్టు నుంచి తీసుకోండి, ఆ సాగే గుణం. కీబోర్డు ఉన్న రోజు పొడుగ్గా, లేని రోజు పొట్టిగా. మీ వెల్డరుకి చెబితే పైపులో పైపు దూర్చి బోల్టు పెట్టి చేసేస్తాడు.

ఇంకోటి. అమెరికాలో ఎన్‌ఐఓఎస్‌హెచ్ అనే ప్రభుత్వ సంస్థ ఒక మనిషి అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు ఎత్తడానికి పెట్టిన పరిమితి 23 కిలోలు. విమానంలో సంచికి పెట్టే పరిమితి కూడా చాలాచోట్ల అదే. మా బృందంలో ఏ పెట్టె అయినా అంతకి మించకుండా సర్దుతాం. ట్రాలీ ఉన్నా బండిలోకి ఎక్కించేదీ దించేదీ మన చేతులే కదా.


వీణ_విజయనగరం, విజయనగరం

ఇంతమంది మగవాళ్ళు ఇంత శ్రద్ధగా చక్రాల గురించి మాట్లాడుకుంటుంటే చదవడానికి సంతోషంగా ఉంది. మా కచేరీల సామాను చిన్నదే, వీణ, మృదంగం, ఘటం, వాద్యానికి అంటించే ఒక కాంటాక్ట్ మైకు, చిన్న మిక్సర్. ట్రాలీ మాకూ ఉంది. దాని మీద వీణ మాత్రం ఎక్కదు.

నాది బొబ్బిలి వీణ, పనసకర్ర. స్వరాలు పలికించే మెట్లు నిలిచేది మైనం మీద. ఆ మైనం అదురుకీ ఎండకీ రెండింటికీ లొంగుతుంది. ఎండలో నిలబెట్టిన కారులో పెట్టెతో సహా ఉంచితే చాలు, మెట్టు ఒక్క వెంట్రుకవాసి జరిగినా ఆ స్వరం పలకదు. కాకలి నిషాదం అనుకుని మీటితే ఇంకేదో వినిపిస్తుంది. మెట్లు మళ్ళీ కట్టించడమంటే ఆ పని తెలిసినవాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. అందుకని వీణ ఎప్పుడూ ఒళ్ళోనో చేతుల్లోనో వస్తుంది. ట్రాలీ మీద మిగతావన్నీ పోతే ఆ రెండు చేతులూ వీణకి ఖాళీగా దొరుకుతాయి. నాకు ట్రాలీ ఉపయోగం అదీ.

ఘటం కూడా చేతిలోనే. మృదంగం ట్రాలీ మీద పెట్టొచ్చు, అయితే పడుకోబెట్టి, కింద దుప్పటి మడత వేసి. మూత మీద ఇంకో బరువు పెట్టకండి.

రైల్లో వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఉచితంగా తీసుకెళ్ళే సామాను స్లీపర్‌లో 40 కిలోలు, థర్డ్ ఏసీలోనూ అంతే, సెకండ్ ఏసీలో 50. ట్రాలీ బరువు కూడా అందులోనే పడుతుంది. 15 కిలోల ఇనుప బండి రైలుకి పనికిరాదు, అల్యూమినియంది చిన్నది వేరే ఉంచుకోవాలి.


కోనసీమ_కీస్, అమలాపురం

అక్కా, మీ మాటతో మా కీబోర్డు గురించి కూడా ఆలోచన వచ్చింది. అది ట్రాలీ పైన అన్నిటి మీదా పెడదామనుకున్నాను. అదురు పడుతుందంటారా?


బేస్‌గిటార్_మాస్టారు, గుంటూరు

పైన పెట్టడంలో తప్పు లేదు. కింద రెండు అంగుళాల మందం ఫోమ్ పరిచి, కీలు పైకి ఉండేలా పడుకోబెట్టండి. కిందంతా బరువులు. బాక్సులు మాత్రం నిలబెట్టకండి, ఈఆన్615 ఎత్తు 70 సెంటీమీటర్లు ఉంటుంది. నిలబెడితే బరువు కేంద్రం పైకి వెళ్ళి మలుపులో ఒరుగుతుంది. గ్రిల్ పైకి ఉండేలా పడుకోబెడదామంటే వెనక ఉన్న నాబ్‌లు, సాకెట్లు నేలకి నొక్కుకుంటాయి. పక్కవాటుగా పడుకోబెట్టి, రెండిటి గ్రిల్స్ ఎదురెదురుగా పెట్టి మధ్యలో దుప్పటి వేయండి.


పద్యనాటకం_హార్మోనియం, తెనాలి

నాయనలారా, ఇన్ని చక్రాలు చదివాక నాకు తోచింది చెబుతాను. అసలు అంత సామాను ఎందుకు మోస్తున్నారో ఒకసారి చూసుకోండి. మేం పద్యనాటకాలకి ఊరూరా తిరిగాం, హార్మోనియం, తబలా, పెట్టె. ఇప్పటి రోజుల్లో అంతతో కుదరదని నాకూ తెలుసు. కానీ చాలా ఏసీ హాళ్ళలో బాక్సులు, మిక్సరు ఉంటూనే ఉంటాయి. బుకింగ్ మాట్లాడేటప్పుడు పెళ్ళివారితో పాటు హాలు వాళ్ళనీ అడగండి. ఏం ఉంది, ఎన్ని చానెళ్ళు, మైకు కేబుల్ గుచ్చే ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ ఎక్కడుంది. రెండు బాక్సులూ వాటి స్టాండ్లూ ఇంట్లో వదిలేసి వెళ్తే మీ 110లో 45 కిలోలు అక్కడే తగ్గిపోతాయి. అప్పుడు ఆ ప్యాడ్ ఆయన చేతికి ప్యాడ్ సంచి ఒక్కటే.

ట్రాలీ వద్దనడం లేదు. ట్రాలీ ఉంది కదా అని సామాను పెంచుకోకండి అంటున్నాను. చక్రాలు వచ్చాక ఇంకో సబ్‌వూఫర్, ఇంకో లైటు స్టాండు అని పెరుగుతూ పోయిన బృందాలు నాకు తెలుసు. చివరికి ట్రాలీ కూడా చాలక ట్రాలీ ఆటో మాట్లాడుకున్నారు.


సౌండ్_బెజవాడ, విజయవాడ

బాబాయిగారు చెప్పింది గౌరవిస్తూనే ఒక్క మాట. హాలు బాక్సుల్ని నమ్ముకుని వెళ్తే ఒక ఛానెల్ పలకదు, సన్న శబ్దాలు పలికే ట్వీటర్ ఒకటి పోయి ఉంటుంది, పాడే అమ్మాయి గొంతు పీలగా వినిపిస్తుంది. పేరు పోయేది ఆర్కెస్ట్రాకి. నేనైతే హాలు సిస్టం ముందురోజు వెళ్ళి విని వచ్చాకే ఒప్పుకుంటాను. విని బాగుందనుకున్న హాళ్ళ పేర్లు రాసి పెట్టుకుంటే ఆ హాళ్ళకి తేలిగ్గా వెళ్ళొచ్చు.


పద్యనాటకం_హార్మోనియం, తెనాలి

అది న్యాయమైన మాట. విని చూసి ఒప్పుకోవాలి.


గిటార్_గచ్చిబౌలి, హైదరాబాద్

కట్టే తాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. సాగే కొక్కేల తాళ్ళు చౌక అని అందరూ వాడతారు. దయచేసి వాడకండి. చెయ్యి జారితే ఆ కొక్కెం నేరుగా కంటి మీదికొస్తుంది. పైగా సాగుతుంది కాబట్టి కుదుపులో సామాను జరిగిపోతూనే ఉంటుంది. లారీలకి వాడే రాచెట్ పట్టీ గట్టిది, కానీ మోతాదు తెలియకుండా బిగిస్తే ప్లాస్టిక్ బాక్సు అంచు పగులుతుంది. క్యామ్ బకిల్ ఉన్న నైలాన్ పట్టీ తీసుకోండి, చేత్తో లాగినంతే బిగుస్తుంది. రెండు చాలు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా.


రిథమ్‌ప్యాడ్_ఓరుగల్లు, వరంగల్

మెట్లున్న కాడ ఏం జేయాలె? మా దిక్కు మొదటి అంతస్తుల ఉండె హాళ్ళు మస్తున్నయ్. మూడు చక్రాలు కలిపి తిరిగె బండి చూసిన, మెట్లు ఎక్కుతదంటున్నరు.


సౌండ్_బెజవాడ, విజయవాడ

ఎక్కుతుంది తమ్ముడూ, కానీ ఒక పెట్టె, రెండు పెట్టెల వరకే. ప్రతి మెట్టుకీ బరువంతా నీ చేతుల మీదకి వస్తుంది, చక్రం సాయం చేస్తుందంతే. మెట్ల హాలైతే ఒక్కో బాక్సూ ఇద్దరు పట్టుకుని ఎక్కించడమే మేలు. ట్రాలీ కింద ఆగాలి.


కోనసీమ_కీస్, అమలాపురం

అందరూ చెప్పింది మా వాళ్ళకి చదివి వినిపించాను. మా ప్యాడ్ ఆయన తెనాలి పెద్దాయన పోస్టు రెండుసార్లు చదివించుకున్నారు.

చేయిద్దామనే నిర్ణయానికి వచ్చాం. మా వీధి చివర గ్రిల్స్ చేసే ఆయనతో మాట్లాడాను. అడుగు 75 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, పైపులో పైపు దూర్చి 110 దాకా సాగేలా. ముందు ఎనిమిదంగుళాల ఫోమ్ నింపిన టైర్లు, స్థిరంగా. వెనక ఆరంగుళాల బూడిదరంగు రబ్బరు, తిరిగేవి, రెండిటికీ బ్రేకు. పిడి ఊడదీసి పక్కన పెట్టుకునేలా. హాలు సిస్టం బాగున్న చోట్ల బాక్సులు తీసుకెళ్ళం, అప్పుడు ట్రాలీని పొట్టిగానే వాడతాం.

ఇందులో ఏమైనా మార్చాలా? ఆ నిటారు ర్యాంపు మీద ఇద్దరం చాలుతామా?


బేస్‌గిటార్_మాస్టారు, గుంటూరు

చాలుతారు. మీరు రాసిన 1కి 6 వాలు మీద 125 కిలోల బండిని తోయడానికి దాదాపు 20 కిలోల బలం, చక్రాల రాపిడికి ఇంకో నాలుగైదు. ఇద్దరికి తేలికే. అదే ర్యాంపు 1కి 12 అయితే అందులో సగం. ఎక్కేటప్పుడు ఇద్దరూ వెనక నుంచి తోయండి. దిగేటప్పుడు మనుషులు కింద వైపు నిలబడి ఎదురు పట్టుకోవద్దు, జారితే మీదికొస్తుంది. పై వైపు నుంచి పిడి పట్టుకుని కొంచెం కొంచెంగా వదలండి. ర్యాంపు మధ్యలో బ్రేకు నమ్ముకుని వదిలేయకండి, అది చదునైన చోట కదలకుండా ఉంచడానికే.


డాలస్_తబలా, డాలస్

పొడవు 110 మంచి నిర్ణయం. కీబోర్డు 102 సెంటీమీటర్లు, సంచితో కలిపి సరిగ్గా పడుతుంది. సాగదీసినప్పుడు నడుమ ప్లైవుడ్ లేని ఖాళీ వస్తుంది, మైకు స్టాండ్లు అందులోంచి జారకుండా రెండు పైపులు అడ్డంగా వేయించండి.


సౌండ్_బెజవాడ, విజయవాడ

కీస్ బ్రదర్, అంతా బాగుంది. మూడు మార్పులు చెబుతాను.

చక్రాలు ఫ్రేముకి వెల్డింగ్ చేయించకండి. ప్లేటుకి బోల్టులు వేయించండి, లోపల నైలాన్ ఉన్న నైలాక్ నట్లతో. మామూలు నట్లు ఆ అదురుకి వదులైపోతాయి. పైగా రేపు చక్రం మార్చాలంటే ఒక్క స్పానర్‌తో అయిపోతుంది.

ప్లైవుడ్ వాటర్‌ప్రూఫ్ రకం తీసుకోండి, అంచులకి కూడా రంగు వేయండి. తడి ఇసుక నీరు ముందు అంచుల్లోంచే ఎక్కుతుంది. పైన పాత రబ్బరు మ్యాటు అంటించండి, బాక్సులు జారవు.

మూడోది, రంగు వేయించకముందే మీ సామానంతా ఎక్కించి గేటు చానెల్ మీద నుంచి ఒకసారి తోసి చూడండి. పిడి ఎత్తు తోసేవాళ్ళ మోచేతికి అందేలా ఉందా, సాగిన చోట ఫ్రేము నడుం కిందికి వంగుతోందా అన్నది అప్పుడే తెలుస్తుంది. వంగితే కింద ఒక పట్టీ అదనంగా వేయించుకుని ఆ తర్వాత రంగు వేయించండి. వెల్డరుకి అడ్వాన్సు ఇచ్చేటప్పుడే ఈ మాట చెప్పి పెట్టుకుంటే మళ్ళీ ఛార్జీ అడగడు.


కోనసీమ_కీస్, అమలాపురం

మూడూ రాసుకున్నాను అన్నా. నైలాక్ నట్లు ఇక్కడ హార్డ్‌వేర్ షాపులో ఉన్నాయి, ఎనిమిది ఎంఎం సైజు తీసుకున్నాను. ఫోమ్ టైర్లు రాజమండ్రి నుంచి మా వయొలిన్ ఆయన తెస్తున్నారు. శుక్రవారం వెల్డింగ్ మొదలు.